ఊరికి నెమ్మని చెప్పిన జబ్బు

ఒట్టు పెట్టరాదని మా వేదంలో నేర్పుతారు. అయినా పెడుతున్నాను. పూతలపట్టు ప్రార్థన గుడి గంట మీద, మా నాయన సమాధి మీద, నాకు మిగిలిన ఒకటిన్నర ఊపిరితిత్తి మీద ఒట్టు. ఇందులో రాసే ప్రతి మాటా నిజం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ చుట్టుపక్కల నన్ను కోతల దావీదు అంటారు. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులో పదహారేళ్ళు కండక్టరుగా పనిచేశాను. బస్సు దారిలో ఆగిపోయినప్పుడల్లా ప్రయాణికులకు కోపం రాకుండా ఏదో ఒకటి చెప్పడం నా పని అనుకునేవాణ్ణి. కల్లూరు కనుమలో ఒక చిరుతపులి చెయ్యెత్తి మా బస్సును ఆపిందనీ, పిల్లను చంకనెత్తుకుని ఎక్కిందనీ, పిల్లకు సగం టికెట్టే కదా అని నాతో వాదించిందనీ చెప్పేవాణ్ణి. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. పాకాలలో ఒకామె ఆ పులి ఎక్కడ దిగిందని అడిగింది.

ఇంట్లో మాత్రం నా కోతలు చెల్లేవి కావు. నా భార్య కరుణమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే "సాల్లే" అనేది. ఇరవై ఏళ్ళ కాపురంలో నేను చెప్పిన కథ ఒక్కటి కూడా ఆమె నమ్మలేదు.

ఇది కథ కాదు. మా సంఘం అయ్యగారు, పెండ్లి కాబోయే జంటలకు చదివి వినిపించడానికి సాక్ష్యంగా రాసి ఇమ్మన్నారు. జబ్బులో భార్యాభర్తలు ఒకరినొకరు విడవకుండా దేవుని మీద ఎట్లా ఆనుకోవాలో నీ కరుణమ్మ చూపించింది, అది రాయి అన్నారు. రాస్తున్నాను.

నలభై మూడో సంవత్సరం, మామిడికాయల రోజులు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గుల కుంపటి కట్టి నడిపిస్తున్నారు. ఆ పొగ లోపలికి కొట్టేది. అందరూ దగ్గేవాళ్ళు. నేనూ దగ్గేవాణ్ణి. నా దగ్గు బస్సెక్కని ఆదివారం కూడా ఆగడం లేదని నాకు తెలుసు. తెలిసినా పొగ మీద పెట్టేశాను.

ఒకరోజు పాకాల దాటాక కుంపటి ఆరిపోయి బస్సు నిలిచింది. దిగి రోడ్డు పక్కన ఉమ్మేశాను. ఎర్రగా పడింది. కాలితో మట్టి తోస్తుండగా డ్రైవరు మునిసామి చూశాడు.

"ఏమప్పా దావీదూ, వక్కాకు ఎప్పుడు మొదలుపెట్టినావు?"

"నిన్ననే."

"పండ్లు తెల్లంగా ఉండాయే."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. తిరుపతిలో బస్సు నిలిపాక స్టీరింగు మీద చేతులు అట్లాగే పెట్టుకుని అన్నాడు. "రేపు నువ్వు బండెక్కద్దు. చిత్తూరు ఆసుపత్రికి పో. ఇంటామెను కూడా తోడుకుని పో. ఒక్కడివే పోతే ఆడ కూడా కోతలు కోసి వచ్చేస్తావు."

మర్నాడు కరుణమ్మా నేనూ చిత్తూరు పోయాం. ఏ ఆసుపత్రో పేరు అనవసరం. మగవాళ్ళకు లోపల హాలు, తోడు వచ్చిన ఆడవాళ్ళకు బయట మెట్లు. హాల్లో పొడుగాటి బల్ల, కూర్చుని కూర్చుని మధ్యలో నున్నగా గుంట పడింది. ప్రతివాడి చేతిలో ఉమ్మేదానికి మూత ఉన్న ఒక రేకు డబ్బా. ఎవరూ ఎవరి మొహమూ చూడరు, డబ్బాలు మాత్రం చూసుకుంటారు. నా పక్కన ఉన్న ముసలాయన "ఎన్నాళ్ళుగా?" అన్నాడు. మూడు నెలలన్నాను. "నాకు రెండేండ్లు" అన్నాడు, నేనింకా బడిలో చేరని పిల్లవాణ్ణి అయినట్టు. అప్పుడే నాకు దగ్గు తెర వచ్చి వంగిపోయాను. నేల తుడుస్తున్న ఆయా వచ్చి, గుడ్డ పక్కన పడేసి, నా వీపు మీద అరచెయ్యి పెట్టి తెర ఆగేదాకా అట్లాగే నిలబడింది. ఆ తర్వాత ఏడాది పాటు బయటివాళ్ళెవరూ నన్ను అట్లా ముట్టుకోలేదు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరు చిన్నవాడు, అరవం కలిసిన తెలుగు. నా కఫాన్ని గాజుపలక మీద రుద్ది చూసి వచ్చి కూర్చున్నాడు.

"ఇది క్షయ. ఇంట్లో ఎవరుంటారు?"

"నేనూ నా భార్యా. బిడ్డలు పుట్టారు కానీ దక్కలేదు."

"అయితే ఈ పూట నుంచి వేరుగా ఉండాలి. పడక వేరు, పళ్ళెం వేరు, చెంబు వేరు. ఆమె వచ్చిందా? పిలవండి, నేను చెబుతాను."

"నేనే చెబుతాను సార్."

"తప్పకుండా చెప్పాలి."

"చెబుతాను."

బయటికి వచ్చాను. కరుణమ్మ మెట్ల మీద, ఒళ్ళో సంగటి మూట పెట్టుకుని కూర్చుంది. "ఏమన్నాడు డాక్టరు?" అంది. ఆమె పక్కన కూర్చుని, ఒక మెట్టు ఎడం ఉంచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. క్షయ అన్నాను. వేరుగా ఉండమన్నాడు, నువ్వు ఐరాలలో నీ తమ్ముడింటికి పోతే మంచిది అన్నాను. ఆమె మూట ముడి విప్పింది.

"వేరు పడేదానికి మనమేమన్నా అన్నదమ్ములమా?" అంది.

"నవ్వులాట కాదు."

"నేనూ నవ్వలేదు. గుళ్ళో అయ్యగారి ముందర ఏమని ఒప్పుకున్నాము? బాగుంటే ఒకటిగా, బాగలేకుంటే వేరుగా అని ఒప్పుకున్నామా? దేవుడు కలిపినాడు, ఆయనే సూసుకుంటాడు. తిను."

విస్తరాకు పరిచి సంగటి ముద్ద రెండుగా తుంచింది. ఒకే ఆకులో ఇద్దరమూ తిన్నాం. ఊరికి మాత్రం నెమ్ము అని చెప్పుకుందామని అనుకున్నాం. ఛాతీలో నెమ్ము చేరింది అంటే జనం మిరియాల కషాయం చెబుతారు. క్షయ అంటే బావి దగ్గరికి రానివ్వరు.

ఆ మాటను, ఆ అన్నదమ్ముల మాటను, అయ్యగారు ఇప్పుడు ప్రతి పెండ్లిలోనూ చెబుతున్నారు.

అదే ఏడు వానలు. వారానికొకసారి చిత్తూరు పోయి పక్కటెముకల మధ్య సూది గుచ్చించుకుని చెడ్డ ఊపిరితిత్తి ముడుచుకుని మానడానికి ఛాతీలోకి గాలి ఎక్కించుకునేవాణ్ణి. బస్సు టైరుకు గాలి పట్టడం పదహారేళ్ళు చూసినవాణ్ణి, నాకే పట్టే రోజు వస్తుందనుకోలేదు. మునిసామి బస్సును మా ఇంటి ముందే ఆపి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టేవాడు. పాత ప్రయాణికులు "కథ చెప్పు దావీదప్పా" అనేవాళ్ళు. నాకు ఊపిరి చాలేది కాదు. నా బదులు మునిసామే మొదలుపెట్టేవాడు. అతనికి చేతకాదు. చిరుతపులి కథలో పులి బస్సెక్కేలోపే నవ్వేసేవాడు. అయినా ప్రతి వారం చెప్పేవాడు, నేను మాట్లాడనవసరం లేకుండా.

తెల్లవారుజాములు అన్నిటికన్నా కష్టం. మెలకువ వచ్చీ రాగానే, కళ్ళు తెరవకముందే, ఇంకా బతికే ఉన్నానా అని లోపలే తడుముకునేవాణ్ణి. ఉన్నానని తెలిశాక సంతోషం కలిగేది కాదు. ఇంకొక పగలు ఈదాలి కదా అనిపించేది. ప్రార్థన చేయబోతే మొదటి మాట దగ్గరే దగ్గు వచ్చేది. కొన్నాళ్ళకు దగ్గు రాకపోయినా మొదటి మాట రాలేదు. ఇద్దరు బిడ్డల్ని తీసుకున్నవాడు, ఇప్పుడు నన్ను ఇట్లా గుక్కగుక్కగా తీసుకుంటున్నవాడు, ఆయనతో ఏం మాట్లాడాలి. కరుణమ్మ పొయ్యి పక్కన మోకరించి, నా పేరు, మునిసామి పేరు, ఆ చిన్న డాక్టరు పేరు తెలియక "చిత్తూరు అయ్య" అనీ, వరసగా చెప్పుకునేది. లేచి వచ్చి నేను తిని వదిలిన పళ్ళెంలోనే వడ్డించుకునేది. నా చెంబుతోనే తాగేది. నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

నేను బాగుపడతానని ఆమెకు ఒక్కరోజు కూడా అనుమానం లేదు. నాకది ఓదార్పుగా ఉండాలి. ఉండేది కాదు.

క్రిస్మస్ నాటి ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె చేతులు మారుతుంది, అందరికీ అదొక్కటే గిన్నె. నేను నా చోటు నుంచి లేవలేదు. సాయంత్రం అయ్యగారు ఇంటికి వచ్చి "ఏం దావీదూ, మనసులో ఏమైనా ఉందా?" అన్నారు. కాళ్ళు పట్టేశాయన్నాను.

చెరుకు గానుగలు మొదలైన రోజుల్లో కరుణమ్మ తమ్ముడు జాకోబు ఐరాల నుంచి వచ్చాడు. అరచేతులకు ఇంకా బెల్లం పాకం వాసన. లోపలికి రాలేదు, వాకిట్లోనే కుక్కిమంచం మీద కూర్చున్నాడు.

"బావా, ఒక మాట అడుగుతాను. కోతలు కోయకుండా చెప్పు. ఇది నెమ్మేనా?"

"నెమ్మే."

"నెమ్ము ఎనిమిది నెలలు ఉంటాదా?"

"నాది పట్టుదల ఉన్న నెమ్ము."

జాకోబు నావైపు చూడడం మానేసి వాళ్ళ అక్కవైపు తిరిగాడు. "అక్కా, మూట కట్టుకో. రెండు నెలలు మా ఇంట్లో ఉండు. వంటకు నేను మనిషిని పెడతాను ఈడ."

"ఎందుకురా?"

"ఎందుకో నీకు తెల్దా? సూడు ఎట్లుండాడో."

"మా ఆయన నెమ్మన్నాడు కదరా. నెమ్మే," అంది కరుణమ్మ. "నీకు నమ్మకం లేకుంటే మిరియాలు తెచ్చియ్యి, అంతేగానీ నా కాపురం మీదికి రావద్దు."

తమ్ముడు లేచిపోయాడు. మజ్జిగ ఇస్తే తాగలేదు. అన్నీ తెలిసి కూడా తోడబుట్టినవాడి ముందు నా కోసం అంత గట్టిగా నిలబడింది చూడండి. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

నలభై నాలుగు. శ్రమదినాలు గడిచి ఈస్టరు వచ్చేసరికి నాకు జ్వరం వదిలింది. చొక్కా భుజాల మీద నిలబడింది. ఈస్టరు మరుసటి వారం డాక్టరు గాజుపలక చూసి, మళ్ళీ చూసి, "బాగుంది, నమ్మలేకపోతున్నాను" అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో చిరుతపులి కథ పూర్తిగా నేనే చెప్పాను. పులిని తిరుపతిలో దించి సత్రంలో గది కూడా ఇప్పించాను. మునిసామి కళ్ళు తుడుచుకుంటూ నడిపాడు.

ఇంటికి వచ్చేసరికి కరుణమ్మ పొయ్యి ముందు దగ్గుతోంది.

"పొగ," అంది.

పొగకు వచ్చే దగ్గు గొంతులోంచి వస్తుంది. ఇది ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. ఏడాది పాటు దాంతో కాపురం చేశాను. గుమ్మంలో నిలబడి, శుభవార్త చెప్పకుండా, అది ఇంకొకసారి వినడానికి ఆగాను. ఇంకొకసారి వచ్చింది.

మళ్ళీ అదే ఆసుపత్రి. ఈసారి ఆడవాళ్ళ పక్క బల్ల. ఆమెకు ఒక రేకు డబ్బా ఇచ్చారు. మూత ఎట్లా తీయాలో తెలియక నాకు చాచింది. డాక్టరు గాజుపలక చూసి వచ్చి, ఆమె తల మీదుగా నావైపు చూశాడు. తర్వాత ఆమెకు జబ్బు పేరు చెప్పాడు. ఆ చూపు గురించి నేను రాయను.

నాకు పట్టిన గాలి వైద్యం ఆమెకు పనికిరాదన్నారు. రెండు వైపులా పాకింది. జాకోబు వచ్చి అక్కను బండిలో పడుకోబెట్టుకుని ఐరాల తీసుకుపోయాడు. చెరుకు తోట గట్టున గాలి తగిలేట్టు కొట్టం వేశాడు. నేను రోజు విడిచి రోజు పూతలపట్టు నుంచి నడిచి పోయేవాణ్ణి. జాకోబు నన్ను ఆపలేదు, పలకరించలేదు.

ఆపింది కరుణమ్మ. మొదటి రోజు గడపలో అడుగు పెట్టబోతే చెయ్యెత్తింది.

"ఆడనే ఉండు."

"నాకేం కాదు, నేను బాగైనాను."

"ఆడనే ఉండమంటా ఉండానా లేదా."

వేరు వద్దన్న మనిషి నన్ను గడప దాటనివ్వలేదు. నేను చూరు కింద మట్టిలో కూర్చునేవాణ్ణి. లోపల చీకట్లో మంచం కనిపించేది, ఆమె మొహం సరిగా కనిపించేది కాదు. ఒకరోజు లోపలి నుంచి "ఆ పులి కత ఒకటుంది కదా, చెప్పు" అంది. ఇరవై ఏళ్ళలో ఆమె నన్ను కథ అడగడం అదే మొదలు. చెప్పాను. సగం టికెట్టు దగ్గర నవ్వింది. నవ్వు దగ్గయింది. జాకోబు పెండ్లాం పరుగెత్తి వచ్చింది. ఆ తర్వాత నేను కథలు చెప్పలేదు, ఆమె అడిగింది కానీ చెప్పలేదు.

నెల నెలకూ మంచం మీద దుప్పటి ఎత్తు తగ్గుతూ వచ్చింది. సంఘం వాళ్ళు వచ్చి పాడారు. ఆమె పెదాలు కదిలించేది. నేను చూరు కింద కూర్చుని, నాకిచ్చిన ఊపిరి వెనక్కి తీసుకుని ఆమెకు ఇవ్వమని అడిగాను. ఏడాది దాటాక నేను చేసిన మొదటి ప్రార్థన అది. జవాబు రాలేదు. వస్తుందని నేను కూడా అనుకోలేదు.

వానలు పడి చెరుకు తలెత్తిన రోజుల్లో, ఒక పొద్దున ఆమె పోయింది. అప్పుడు కూడా నేను గడప బయటే ఉన్నాను.

సమాధి కార్యానికి ముందు, నాదీ క్షయేనని అప్పటికి గ్రహించిన అయ్యగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "క్షయ అని తెలిసీ నిన్ను విడవలేదే. అంత నిబ్బరం ఎక్కడిది ఆమెకు?" అప్పుడు నేను ఆసుపత్రి మెట్ల మీది మాటలు చెప్పాను. ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారు. సమాధి దగ్గర అందరికీ చెప్పారు. ఆడవాళ్ళు ఏడ్చారు. జాకోబు మాత్రం తలెత్తి నన్ను చూశాడు. అక్కకు అన్నీ తెలుసన్నమాట, నేనే అనవసరంగా బావను అనుమానించాను అనుకున్నాడు కాబోలు. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇక్కడ ఆపితే అయ్యగారికి కావలసిన సాక్ష్యం పూర్తి అవుతుంది. ఆపుదామనే కూర్చున్నాను. రెండు రోజులుగా ఈ కాగితం చుట్టి పెట్టి ఉంది, ఇవ్వలేకపోతున్నాను.

ఆసుపత్రి మెట్ల మీద జరిగిందని రాసింది జరగలేదు. మెట్లు నిజం. సంగటి మూట నిజం. "ఏమన్నాడు డాక్టరు?" అని ఆమె అడిగింది నిజం.

"నెమ్ము," అన్నాను.

"నెమ్మేనా. నేను ఏమేమో అనుకున్నాను. స్తోత్రం," అని విస్తరాకు పరిచి, నా ఆకులోనే నాతో పాటు తినింది.

అంతే జరిగింది. అన్నదమ్ముల మాట నాది. అట్లాంటి మాటలు కరుణమ్మకు రావు, నాకు వస్తాయి. గుళ్ళో ఒప్పుకున్న మాటల సంగతీ నేను కల్పించిందే. ఆమె దాని గురించి ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తవలసిన అవసరం నేను రానివ్వలేదు. చావుకు భయపడి దాచలేదు. చీకటి గదిలో ఒక్కణ్ణే పడుకుని దగ్గుకోవలసి వస్తుందని దాచాను. ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. ఆమె నా చెంబు ఎత్తి తాగుతున్నప్పుడు గోడవైపు తిరిగింది అందుకే. నా కోత ఒక్కటీ నమ్మని మనిషి ఇదొక్కటి నమ్మింది. తమ్ముడితో పోట్లాడి మరీ నమ్మింది.

తన జబ్బు పేరు డాక్టరు చెప్పిన రోజు, బయటికి వచ్చాక నన్ను అడిగింది. "నీది నెమ్మే కదా?"

అప్పుడైనా చెప్పవచ్చు.

"నెమ్మే," అన్నాను.

"దేవుని దయ. అయితే నువ్వు నా దగ్గరికి రావద్దు. నెమ్ము పట్టిన ఛాతీ, తొందరగా అంటుకుంటాది."

అందుకని గడప దాటనివ్వలేదు. డాక్టరు నాకు చెప్పింది నేను ఆమెకు చెయ్యలేదు, ఎవరూ చెప్పకుండానే ఆమె నాకు చేసింది.

అయ్యగారూ, పెండ్లిళ్ళలో ఆ మాట చెప్పడం ఆపండి. ఆమె నన్ను విడవకుండా ఉండడం ఎంచుకోలేదు. ఎంచుకునే వీలు నేను ఇవ్వలేదు. ఆమె దేవుణ్ణి నమ్మింది, నన్ను నమ్మింది. రెంటికీ తేడా ఉందని ఆమెకు తెలియనివ్వలేదు నేను. కావాలంటే పెండ్లికొడుకులకు ఇది చదివి వినిపించండి. జబ్బు పేరు ఇంట్లో చెప్పమనండి. మిగతా కోతలన్నీ కోసుకోవచ్చు. జాకోబుకు మాత్రం నేనే పోయి చెబుతాను. వాడు పట్టుకున్న చెయ్యి విడిపించుకోవాలి కదా.

నిజం చెప్పి ఉంటే ఆమె ఏమనేదో నాకు తెలియదు. నేను రాసినట్టే అనేదేమో. లేక ఆ మూట ముడి మళ్ళీ వేసి, చిత్తూరు నుంచే ఐరాల బండెక్కేదేమో. ఎక్కి ఉంటే ఈ పూట తమ్ముడి గానుగ దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు చెరుకు రసం పోస్తూ, నన్ను తిడుతూ ఉండేది.